ఆట ముగిసింది... అభిమానం మిగిలింది!

హీరోకి 60 ఏళ్లొచ్చినా డ్యూయెట్ పాడించి ఈలలేసే జనం మనం! కానీ వీడియో గేముల పోటీల్లో 25 దాటితే సీనియర్ కిందే లెక్క. వేళ్ల వేగం కాస్త తగ్గిందా, ఆ కుర్చీ కోసం కొత్త కుర్రాడు రెడీ. మరి పాత కుర్రాడు ఎక్కడికెళ్తాడు? నెలజీతం లేకుండా కలాన్నే నమ్ముకుని, ముప్ఫైల్లో పడ్డ నాబోటి విలేకరికి ఈ అనుమానం ఊరికే రాలేదు లెండి!

ముందు మన హైదరాబాద్ సంగతే చూద్దాం. 2019 మార్చి 10న ఇక్కడ పబ్జీ మొబైల్ ఇండియా సిరీస్ ఫైనల్ జరిగింది. మొత్తం బహుమతి కోటి రూపాయలు. అందులో 30 లక్షలు పట్టుకుపోయింది 'సోల్' జట్టు. దాని నాయకుడు 'మోర్టల్' అనే ముంబయి కుర్రాడు నమన్ మాథుర్. ఇంకేం, కుర్రకారుకి కొత్త హీరో దొరికాడు.

2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం ఆ ఆటని నిషేధించింది. హౌస్‌ఫుల్‌గా ఆడుతున్న హాలుకి తాళం పడినట్టయింది! 2021లో కొత్త పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్లీ మాయం. 2023లో మళ్లీ ప్రత్యక్షం. పోటీలనే నమ్ముకున్న కుర్రాళ్లకి అది గడ్డుకాలం. మోర్టల్‌కి మాత్రం యూట్యూబ్ ఉంది. లైవ్ స్ట్రీమింగ్ అంటే తెలుసుగా? తన ఆటని, ముఖాన్ని, మాటని ఒకేసారి జనానికి చూపిస్తూ ఆడటం. ఆట పోయినా మనిషి పోలేదు. జనం వస్తున్నది అతని కబుర్ల కోసం కూడా!

2024 జూన్ చివర్లో మళ్లీ హైదరాబాద్‌లోనే, హైటెక్స్‌లో పెద్ద ఫైనల్. 2 కోట్ల బహుమతుల్లో 60 లక్షలు కొట్టింది ఎక్స్‌స్పార్క్ జట్టు. దాని యజమాని 'స్కౌట్' అనే తన్మయ్ సింగ్. ఆటగాడిగా పేరు తెచ్చుకుని, స్ట్రీమర్‌గా జనానికి దగ్గరైనవాడు. మన భాషలో చెప్పాలంటే, హీరో నిర్మాత అయ్యాడన్నమాట!

ఇదంతా మన దేశం ముచ్చట. సముద్రం అవతలి కథ నాకు చూపించింది మా అక్కకొడుకు. డిగ్రీ రెండో సంవత్సరం. గత ఏడాది ఓ రాత్రి పన్నెండింటికి ఫోను ముందు కూర్చుని కనిపించాడు.

"ఏంట్రా, ఫైనలా?" అన్నాను.

"కాదు మావయ్యా, ప్రాక్టీసు."

"ప్రాక్టీసు కోసం నిద్ర మానుకోవాలా?"

"ఫైనల్ అందరూ చూస్తారు. ఓడిపోయాక వీళ్లలో వీళ్లు ఏం మాట్లాడుకుంటారో ఇక్కడే వినొచ్చు."

ఆ జట్టు పేరు 'లాస్ రాటోనెస్'. స్పానిష్‌లో ఎలుకలని అర్థం! ఆడేది లీగ్ ఆఫ్ లెజెండ్స్, జట్టుకి అయిదుగురు. పెట్టింది కేడ్రెల్ అనే బ్రిటిష్ స్ట్రీమర్, ఒకప్పటి ప్రొఫెషనల్. సభ్యుల్లో బౌస్ అనేవాడు కావాలని చస్తాడని ప్రసిద్ధి. తనని చంపడానికి నలుగురు తరిమితే, ఆ సందులో తనవాళ్లు బాగుపడతారని లెక్క!

తమాషా ఏమిటంటే, మిగతా జట్లు దాచుకునే ప్రాక్టీసుని వీళ్లు లైవ్‌లో పెట్టేశారు. విడుదలకి ముందే రషెస్ జనానికి చూపించే నిర్మాత ఎక్కడైనా ఉన్నాడా? ప్రత్యర్థులు ఎత్తులు చూసేయరూ? చూశారు. అయినా 2025లో యూరప్ రెండో అంచె జట్ల పెద్ద పోటీ ఇ.ఎమ్.ఇ.ఎ. మాస్టర్స్‌లో కప్పు వీళ్లే కొట్టారు. 2026 జనవరికల్లా పైమెట్టు లీగులోనూ అడుగుపెట్టారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం రెకిల్స్. స్వీడన్ కుర్రాడు, అసలు పేరు మార్టిన్ లార్సన్. 2018 ప్రపంచ పోటీ ఫైనల్లో ఫ్నాటిక్ తరఫున ఆడాడు. చైనా జట్టు చేతిలో 3-0తో ఓటమి. అప్పుడతనిది ఎదుటివాళ్లని పడగొట్టే హీరో పాత్ర. తర్వాత ఆ పాత్ర వదిలేసి, పక్కవాణ్ణి కాపాడే 'సపోర్ట్' పాత్రకి మారాడు. 2024లో కొరియా వెళ్లి అకాడమీ జట్టులో కుర్రాళ్ల మధ్య కూర్చుని ఆడాడు. ఆ మరుసటేడే ఈ ఎలుకల జట్టులో ఆ పాత్రలోనే కప్పు! 2014లో 'లెజెండ్'లో విలన్‌గా వచ్చిన జగపతిబాబుని చూసి మనం నోరెళ్లబెట్టలేదూ? అలాంటిదే ఇదీ.

అయితే ఇందులో రెండో వైపూ ఉంది. సినిమా ఫ్లాపయితే హీరో నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవచ్చు. స్ట్రీమర్‌కి ఆ వీలేది? ఓడిన ముఖంతోనే కెమెరా ముందు కూర్చోవాలి. తెర పక్కన తిట్లు కూడా లైవే! రాకపోతే జనం ఇంకో చానెల్‌కి పోతారు. వ్యాసం రాయని నెల నా పేరు ఎడిటర్‌కి గుర్తుండదు. వాళ్లకి నెల కాదు, ఒక్క వారం చాలు!

మొన్న మావాడు మెల్లగా అడిగాడు, "మావయ్యా, నేనూ చానెల్ పెట్టనా?" అని.

"పెట్టు. ఆట బాగా ఆడితే జనం చూస్తారు. మరి చిత్తుగా ఓడిన రాత్రి కూడా కెమెరా ఆన్ చేయగలవా?" అన్నాను.

వాడింకా జవాబు చెప్పలేదు. మీరైతే ఏం చెబుతారు?