మండ్రగబ్బ – ఎర్రతేలు

తేలు మంత్రం రానివాడు పాముపుట్టలో చేయి పెట్టినట్లు అని సామెత. మంత్రాలలో తేలు మంత్రమే సులభమైనదని లోకం ఏనాడో నమ్మిందని దీనివలన తెలుస్తున్నది. అది అంత సులభంగా ఫలించినట్లు కనిపించడానికి కారణం మంత్రంలో లేదు, తేలులోనే ఉన్నది.

వానాకాలంలో బొరియలలోకి నీరు చేరినప్పుడు కృష్ణా డెల్టా పల్లెలలో మండ్రగబ్బ బయటకు వస్తుంది. విజయవాడ కొండవాలులలో రాళ్ల సందుల నుండీ తొంగి చూస్తుంది. నల్లని పెద్ద దేహం, పీతడెక్కల వంటి లావైన డెక్కలు చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఆ డెక్కలతోనే అది మట్టిని తొలిచి బొరియ చేసుకుంటుంది, పురుగులను నలిపి తింటుంది. బలమంతా డెక్కలలో ఉన్నందువలన దాని తోక సన్నం, విషం స్వల్పం. కుట్టినచోట మంట, వాపు కలిగి కొన్ని గంటలలో సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. ఆ కీర్తి మాత్రం మంత్రగాడికి దక్కుతుంది.

ఎర్రతేలు ఇందుకు భిన్నమైనది. ఇటుకల కింద, కట్టెల మోపులలో, గోడ పగుళ్లలో దాగే ఈ చిన్న జీవికి డెక్కలు సన్నం, తోక లావు. 1798లో ఫాబ్రీషియస్ శాస్త్రీయంగా వర్ణించిన ఈ జాతి ప్రపంచంలోని ప్రమాదకరమైన తేళ్లలో ఒకటి. ఇది కుట్టినప్పుడు ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లుచేతులు చల్లబడటం, ఆయాసం కలుగవచ్చు. పసిపిల్లలకు ప్రాణాపాయం మరీ ఎక్కువ. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980వ దశకంలో ప్రాజోసిన్ అనే మందుతో ఇటువంటి రోగులను కాపాడవచ్చునని నిరూపించారు. ఆ మందుకు విషహర ఔషధం తోడైతే మరింత త్వరగా కోలుకుంటారని 2011లో ప్రచురించిన ఆయన పరిశోధన తెలిపింది.

తేలుకు విషం తోకలో ఉంటుందని సుమతీ శతకకారుడు చెప్పాడు. ఆ తోక ఎంత లావో కూడా చూడమంటున్నది శాస్త్రం. అయితే ఇది స్థూలమైన గుర్తు మాత్రమే. రంగు మోసగించవచ్చు. అందుకే నిపుణులు పొట్ట కింద ఉండే దువ్వెన వంటి అవయవాల పళ్లను లెక్కిస్తారు, డెక్కల మీది సన్నని రోమాల అమరికను పరిశీలిస్తారు. మండ్రగబ్బల వర్గాన్ని సైతం 2020లో పునఃపరిశీలించి పలు ప్రజాతులుగా విభజించారు.

పండితులకే ఇంత పరిశీలన అవసరమైనప్పుడు, చీకటిలో కుట్టి పారిపోయిన తేలు ఏదో ఇంటివారు ఎలా నిర్ణయించగలరు? దానిని వెతుకుతూ, మంత్రగాడి గుమ్మం ముందు నిరీక్షిస్తూ కాలం గడపరాదు. మండ్రగబ్బ కుట్టినవాడు అక్కడ కూర్చున్నా కోలుకుంటాడు. ఎర్రతేలు కుట్టిన బిడ్డకు ఆ గడియలే ఆయువు. వాటిని ఆసుపత్రికి చేరడానికే వినియోగించాలి.