తస్వీరుల ఇంటికి ఎన్ని దర్వాజాలు?

ఫోటోగ్రాఫర్ వెబ్‌సైట్ అందంగా ఉంటే సరిపోదు, చూసేవాళ్ళు అందులో దారి తప్పకూడదు. ఇది అందరూ చెప్పేదే. మన ఇళ్ళ పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి ఇంకో షరతు కూడా ఉంటుంది: రాకూడనివాళ్ళకి లోపలి గదికి దారి దొరకకూడదు. ఈ రెండూ ఒకే సైట్‌లో ఎలా కుదురుతాయో మా చెల్లెలి కొడుకు పని చేస్తున్నప్పుడు చూశాను.

వాడుండేది గూడూరులో. బందరు, పెడన, గుడివాడ, అటు అవనిగడ్డ దాకా నికాహ్‌లు, వలీమాలు తీస్తాడు. చెయ్యి మంచిది, మెహనత్ చేస్తాడు. కానీ ఎవరైనా "నీ పని చూపించు బాబూ" అంటే ఫోన్ తీసి, గ్యాలరీలో వేలితో తోసుకుంటూ పోవడమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవి నెల తిరిగేసరికి ఎక్కడో కిందికి జారిపోతాయి. "ఖాలా, నాకో సైట్ చేసిపెట్టు" అన్నాడు. విజయవాడలో నా రోజీ ఆ పనితోనే గనక సరేనన్నాను.

నాలుగు వేల పైచిలుకు ఫోటోలతో, పదకొండు మెనూల జాబితాతో వచ్చాడు. నేను ఒక్క సవాల్ అడిగాను: "బేటా, ఇది చూసేదెవరు?" కాసేపు ఆలోచించి, "దుల్హన్ అమ్మీ, లేకపోతే వాళ్ళ పెద్దన్న" అన్నాడు. ఒక చేతిలో ఫోన్, చుట్టూ పెళ్ళి పనుల హడావుడి. వాళ్ళకి కావలసినవి నాలుగే. పని ఎలా ఉంటుంది, ఎంత తీసుకుంటాడు, మనిషి ఎలాంటివాడు, ఎలా మాట్లాడాలి. అందుకని పైన నాలుగే మాటలు పెట్టాం: తస్వీరులు, ధరలు, నా గురించి, ఫోన్ చేయండి. మూడు గీతల గుర్తు వెనక ఏదీ దాచలేదు. ఆ గీతలు నొక్కాలని మా అమ్మీ వయసు వాళ్ళలో చాలామందికి తెలియదు.

వాడు రాసుకొచ్చిన "సినిమాటిక్", "క్యాండిడ్" తీసేసి, జనం నోట్లో ఉన్న పేర్లే ఆల్బమ్‌లకి పెట్టాం: నికాహ్, వలీమా, అఖీఖా, మన ఊళ్ళు. ఒక్కోదాంట్లో ఇరవైకి మించకుండా. వాడి ప్రాణం ఉసూరుమంది గానీ, ఇరవై మంచి ఫోటోల మధ్య ఒక్క నాసిరకంది ఉంటే కన్ను దాని మీదే ఆగుతుంది. ఆఖరి ఆల్బమ్‌లో పెడన కలంకారీ అచ్చులు, మంగినపూడి సముద్రం ఉన్నాయి. వాడి నజర్ ఎలాంటిదో అవే చెబుతాయి.

కెమెరా ఫోటో ఒక్కోటి 10 ఎంబీ దాకా ఉంటుంది. పొడుగు వైపు 2000 పిక్సెళ్ళకి తగ్గించి, వెబ్‌పీ రూపంలోకి మారిస్తే చాలావరకు 500 కేబీ లోపు దిగుతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో కూడా తెరుచుకోవాలంటే ఇది తప్పదు. ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కు. గూడూరు అని వెతికితే నెల్లూరు వైపు గూడూరు వస్తుంది, కర్నూలు గూడూరు వస్తుంది, మహబూబాబాద్ గూడూరూ వస్తుంది. అందుకే మొదటి పేజీలోనే "గూడూరు, మచిలీపట్నం దగ్గర, కృష్ణా జిల్లా" అని పూర్తిగా రాశాం.

ఇంతవరకూ పని సాఫీగానే సాగింది. పెడనలో ఒక పెద్దాయనకి సైట్ చూపించేసరికి అసలు మాట బయటపడింది. అన్నీ చూసి మెచ్చుకుని, ఫోన్ తిరిగిస్తూ, "మా అమ్మాయి ఫోటో కూడా ఇందులో పడుతుందా?" అన్నాడు. వీడికి జవాబు దొరకలేదు. రాత్రి నాకు ఫోన్ చేసి, "దుల్హన్ లేని నికాహ్ ఆల్బమ్ ఏం ఆల్బమ్ ఖాలా? పని చూపించకపోతే పని ఎవరిస్తారు?" అని బాధపడ్డాడు.

వాడి ఫిక్ర్ కొత్తదేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌కి కూడా ఇదే ఎదురైంది. పర్దాలో ఉండే బీబీలకీ తస్వీరు దిగాలని ఉండేది. ఆయన 1892లో హైదరాబాదులో వాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. పర్దా ఉందని పని మానుకోలేదు, పని కోసం పర్దా తీసెయ్యమనలేదు. ఇంకో దర్వాజా పెట్టాడు.

మేమూ అదే దారి పట్టాం. అందరికీ కనిపించే పేజీలో మెహందీ చేతులు, సెహ్రా, నికాహ్‌నామా మీద సంతకం, దస్తర్‌ఖాన్, ఇజాజత్ ఇచ్చినవాళ్ళ ముఖాలు. ఒక్కో కుటుంబానికి విడిగా పాస్‌వర్డ్ ఉన్న ఆల్బమ్, మూడు నెలలకి తీసేస్తాం. మెనూలో పేరు లేకపోతే దాచినట్టేనని కొందరు అనుకుంటారు. కాదు, పాస్‌వర్డ్ లేని లింక్ వాట్సాప్‌లో ఒక్కరు ఫార్వర్డ్ చేస్తే చాలు. పాస్‌వర్డ్ ఉన్నా స్క్రీన్‌షాట్‌ని ఆపలేం. అందుకే ఎవరికీ కనపడకూడదన్న ఫోటో నెట్‌లోకే ఎక్కదు, పెన్‌డ్రైవ్‌లో చేతికిస్తాం. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో ఇల్లు ఎక్కడుందో చెప్పే లొకేషన్ ఉండొచ్చు, దాన్నీ తీసేస్తాం. దుల్హన్ ఫోటోల నమూనాలు, అవీ ఒప్పుకున్నవాళ్ళవే, వాడి అక్క ట్యాబ్‌లో పట్టుకెళ్ళి ఆడవాళ్ళకి చూపిస్తుంది.

ఇజాజత్ ఎవరిది? ఇక్కడ మాకూ వాడికీ చాలా మష్వరా జరిగింది. తండ్రి సంతకం చాలన్నాడు. చాలదన్నాను. ముఖం ఆ అమ్మాయిది. ముందు తననే అడగాలి, అదీ పెళ్ళి హడావుడిలో కాదు, తీరిగ్గా ఫోటోలన్నీ చూశాక. ఆమె వద్దంటే ఇల్లంతా సరేనన్నా పెట్టకూడదు. ఆమె సరేనని ఇంట్లోవాళ్ళు వద్దంటే, అది వాళ్ళు తేల్చుకునే దాకా మన సైట్‌లో చోటు లేదు. ఏడాది తర్వాత మనసు మారినా, ఒక్క మెసేజ్ పెడితే తీసేయాలి. ఈలోపు ఎవరైనా సేవ్ చేసుకుని ఉంటే దాన్ని మనం వెనక్కి తేలేం. ఆ మాట కూడా సంతకానికి ముందే చెప్పాలి.

దీనివల్ల నష్టం లేదనను. "ఒక్క దుల్హన్ ముఖమైనా నిండుగా లేదేంటి?" అని ఒక కుటుంబం వేరేచోటికి వెళ్ళింది. ఆ సీజన్‌లో అది వాడికి చిన్న మొత్తం కాదు. కానీ పెడన పెద్దాయన మాత్రం ఆ పేజీ మళ్ళీ చూసి, తారీఖు రాసుకోమన్నాడు.

మీ ఇంట్లో పెళ్ళి కుదిరితే ఫోటోలవాణ్ణి ధరతో పాటు ఇంకో రెండు అడగండి: మా ఆడపిల్లల తస్వీరులు ఎక్కడ పెడతావు, తీసెయ్యమంటే ఎన్ని రోజుల్లో తీస్తావు. సైట్ పెట్టుకుంటున్న పిల్లలైతే ఆ రెండు జవాబులూ "ధరలు" పేజీలోనే రాసెయ్యండి. అడగడానికి మొహమాటపడే అమ్మీలు చాలామంది ఉంటారు.