సుంకం పోయింది... కథ మిగిలింది!

డెన్మార్క్‌లోని హెల్సింగోర్‌లో రైలు దిగి బయటికొస్తే ఎదురుగా సముద్రం. అవతలి ఒడ్డున కనిపించే ఊరు మాత్రం స్వీడన్‌ది, పేరు హెల్సింగ్‌బోర్గ్. మధ్యలో ఉన్నది నాలుగు కిలోమీటర్ల నీళ్లే. ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఇంకో దేశం! ఇవతల, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల మీద, పచ్చబడిన రాగి కప్పులతో పెద్ద రాజకోట. అదే క్రోన్‌బోర్గ్.

దేశదేశాల నుంచి దాన్ని చూడ్డానికి జనం వస్తుంటారు. వాళ్లలో చాలామంది వచ్చేది అక్కడ ఏనాడూ బతకని ఓ రాకుమారుడి కోసం. అతడే హామ్లెట్. షేక్‌స్పియర్ నాటకంలోని ఎల్సినోర్ ఈ ఊరే మరి. కానీ నిన్నమొన్నటి దాకా హెల్సింగోర్ కథల మీద బతికిన ఊరు కాదు. వచ్చేపోయే ఓడల దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుని బతికిన ఊరు.

ఆగాలి... కట్టాలి!

బాల్టిక్ సముద్రం నుంచి ఓడలు బయటికి రావాలంటే దగ్గరి దారి ఓరెసుండ్ జలసంధి. అది మరీ ఇరుకయ్యేది హెల్సింగోర్ దగ్గరే. ఎరిక్ అనే రాజు ఆ కిటుకు కనిపెట్టాడు. 1420ల్లో అక్కడ క్రోగెన్ అనే కోట కట్టించి, 1426లో ఊరికి వర్తక పట్టణం హక్కులిచ్చాడు. ఆ దారిన పోయే విదేశీ ఓడలు ఆగి సుంకం చెల్లించాలన్నాడు. ఆగకపోతే కోట మీద ఫిరంగులుండనే ఉన్నాయి.

మొదట్లో ఓడకింతని వసూలు చేసేవారు. తర్వాత సరుకు విలువను బట్టి కట్టమన్నారు. మరి ఆ విలువెంతో చెప్పేదెవరు? ఓడ కెప్టెనే! తక్కువ చేసి చెబితే? అందుకూ ఓ ఉపాయం ఉంది. కెప్టెన్ చెప్పిన ధరకే సరుకంతా కొనేసే హక్కు రాజు దగ్గర పెట్టుకున్నాడు. తక్కువ చెబితే సరుకు పోతుంది, ఎక్కువ చెబితే సుంకం పెరుగుతుంది. దాంతో నిజం చెప్పడమే లాభమని కెప్టెన్లకు అర్థమైపోయింది.

ఒక దశలో డెన్మార్క్ ఖజానాకు వచ్చే ఆదాయంలో మూడింట రెండొంతుల దాకా ఈ సుంకమే. ఆ డబ్బుతోనే రెండో ఫ్రెడరిక్ 1574 నుంచి 1585 వరకూ పాత కోటను వైభవంగా తిరిగి కట్టించి, క్రోన్‌బోర్గ్ అని పేరు పెట్టాడు. అందులోని నాట్యశాల పొడవే 62 మీటర్లు! 1629లో మంటలు చెలరేగి ప్రార్థనా మందిరం తప్ప దాదాపు అంతా కాలిపోయింది. మళ్లీ కట్టించింది నాలుగో క్రిస్టియన్. మన తమిళనాడులోని తరంగంబాడిలో 1620లో డేన్‌లు డాన్స్‌బోర్గ్ కోట కట్టింది ఈ రాజు హయాంలోనే.

సుంకం రాజుది, దాని చుట్టూ పెరిగిన వ్యాపారం ఊరిది. ఓడలు ఆగితే నీళ్లు కావాలి, రొట్టె కావాలి, బీరు కావాలి. సుంకం కాగితాలు చూసిపెట్టే ఏజెంట్లు కావాలి. అలా నాలుగు వందల ఏళ్లకు పైగా ఆగిన ఓడలే ఆ ఊరికి అన్నం పెట్టాయి.

ఒక్క సంతకంతో...

సముద్రం మీద నడవడానికి డబ్బులేమిటని చివరికి అమెరికా ఎదురు తిరిగింది. 1857లో దేశాలన్నీ కలిసి ఒప్పందం చేసుకుని, డెన్మార్క్‌కు పరిహారమిచ్చి సుంకానికి చరమగీతం పాడాయి. పరిహారం రాజ్యానికి అందింది. ఊళ్లో మాత్రం ఓడలు ఆగడం మానేశాయి. 1882లో కోట పక్కనే ఓడల తయారీ కర్మాగారం వచ్చాక హెల్సింగోర్ మళ్లీ ఊపిరి పీల్చుకుంది. వందేళ్లు తిరిగాయో లేదో 1983లో అదీ మూతపడింది. ఒకే ఊరికి రెండుసార్లు బతుకుతెరువు పోయింది!

మిగిలినదల్లా కోట, దానితో ముడిపడ్డ కథలు.

లేని రాకుమారుడు, ఉన్న రాణి

హామ్లెట్‌కు మూలమైన పాత డేనిష్ గాథ నడిచేది ఇక్కడ కాదు, జట్లాండ్‌లో. మరి షేక్‌స్పియర్‌కు ఈ కోట సంగతి ఎలా తెలిసింది? 1586లో కొందరు ఇంగ్లిష్ నటులు ఇక్కడికొచ్చి రాజు కొలువులో ప్రదర్శనలిచ్చారు. వాళ్లలో విల్ కెంప్ లాంటివారు తర్వాత షేక్‌స్పియర్ బృందంలోనే చేరారు. ఊహించుకోవడానికి ఆ మాత్రం చాలదూ! 1816లో షేక్‌స్పియర్ రెండు వందల వర్ధంతికి కోటలోని సైనికులే తొలిసారి అక్కడ హామ్లెట్ ఆడారు. 1937లో లారెన్స్ ఒలీవియర్ వచ్చినప్పుడైతే వాన ముంచెత్తింది. నాటకాన్ని అప్పటికప్పుడు ఓ హోటల్ హాల్లోకి మార్చారు.

నాటకాన్ని మించిన విషాదం ఆ గోడల మధ్య నిజంగానే జరిగింది. రాణి కరోలిన్ మటిల్డా ఇంగ్లండ్ రాజు మూడో జార్జి చెల్లెలు. భర్త ఏడో క్రిస్టియన్‌కు మతి స్థిమితం లేదు. ఆస్థాన వైద్యుడు స్ట్రూయెన్‌సేతో ఆమెకు సంబంధం ఉందని 1772 జనవరిలో బంధించి, చంటి కూతురితో సహా ఇక్కడ ఉంచారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఏప్రిల్‌లో వైద్యుడికి మరణశిక్ష అమలు చేశారు. కొద్ది వారాలకు ఆమెను దేశం దాటించారు, బిడ్డను మాత్రం వెంట పంపలేదు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే ఇరవై మూడేళ్లకు కన్నుమూసింది.

మేలుకున్న వీరుడు

కోట కింది చీకటి గదుల్లో గడ్డం పెంచుకుని కూర్చున్న వీరుడి విగ్రహం ఉంటుంది. పేరు హోల్గర్ డాన్‌స్కె. దేశానికి ఆపదొస్తే నిద్రలేస్తాడని డేన్‌ల నమ్మకం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనలు దేశాన్ని ఆక్రమించుకున్నప్పుడు, ఎదిరించిన ఓ రహస్య దళం అతని పేరే పెట్టుకుంది. 1943 అక్టోబరులో యూదుల్ని పట్టుకుపోవడం మొదలవగానే హెల్సింగోర్‌లో కొందరు మామూలు మనుషులు 'కుట్టుపని క్లబ్బు' అనే మారుపేరుతో కలిశారు. రాత్రుళ్లు పడవల్లో వాళ్లను స్వీడన్ చేర్చారు. దేశం మొత్తమ్మీద అలా ఏడు వేల మందికి పైగా బయటపడ్డారు. ఒకప్పుడు ఓడల్ని ఆపి డబ్బులు వసూలు చేసిన నీళ్లే ఆ రాత్రుల్లో ప్రాణాలు నిలిపాయి.

క్రోన్‌బోర్గ్‌ను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కర్మాగారం షెడ్లు 2010లో గ్రంథాలయంతో సహా సాంస్కృతిక కేంద్రమయ్యాయి. ఓడలకు మరమ్మతులు చేసిన పాత గొయ్యి చుట్టూ 2013లో సముద్రయాన మ్యూజియం వెలసింది. కోటకు అడ్డు రాకూడదని దాన్ని నేలమట్టానికి కిందే కట్టారు.

జలసంధిలో ఓడలు ఇప్పటికీ వెళ్తూనే ఉంటాయి. సుంకం కోసం ఆగాల్సిన పని లేదు. ఇప్పుడు ఆగుతున్నది మనుషులు. వాళ్లను ఆపడానికి ఫిరంగులతో పనిలేదు, కథలు చాలు.