ప్రార్థన కొండ, కాలవ గట్టు

డిసెంబర్ 31, గుంటూరు

వాచ్‌నైట్ ఆరాధన. అర్ధరాత్రి దాటాక వరసలో నిలబడి, బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డులు తీసుకున్నాం. పిల్ల పెళ్లి కోసం ఏడాదంతా ఉపవాస ప్రార్థనలు చేసిన పిన్నిగారు కార్డు చదివి కళ్లకద్దుకుంది. ఆమె అడిగినదాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. అడగడమే విశ్వాసంలో సగం.

జనవరి 1, ఒంగోలు

ప్రార్థన కొండ ఎక్కాం. 1854లో ఇదే రోజు తెల్లవారుజామున ఇక్కడ ఐదుగురు మోకరించారు: నెల్లూరు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, జూలియాతో కలిపి ముగ్గురు తెలుగు విశ్వాసులు. మిషన్ మొదలై అప్పటికి 18 ఏళ్లు. ఫలితం అంతంతమాత్రం గనుక మూసేద్దామా అన్న చర్చ 1853లో అమెరికాలో జరిగింది. అలాంటప్పుడు వీళ్లు ఒంగోలుకు పనివాణ్ని పంపమని అడిగారు. ఆ పనివాడు, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలు వచ్చింది 1866లో.

ప్రసంగాల్లో ఆ పన్నెండేళ్లూ ఒక్క ఊపిరిలో దాటిపోతాయి. వాళ్లకు మాత్రం ప్రతి ఉదయం లేచి, ఇంకా రాని మనిషి కోసం మళ్లీ అడగాల్సిన రోజులవి. సాక్ష్యాల్లో ఆ ఉదయాలే నాకు కావాలి.

జనవరి 4

కొండ మీది ప్రార్థనకు జవాబేదని అడిగితే అందరూ చెప్పేది 1878 జూలై 3. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ సంఖ్య చెప్పి ఆపేస్తారు. దాని వెనకున్న కరువు మాట ఎత్తరు.

1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయారు. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్లలో చాలామంది మాదిగలు. తోలు పని చేసుకునే యర్రగుంట్ల పేరయ్య, ఆయన తోటివాళ్లు అంతకు ముందే మాదిగపల్లెల్లో సువార్త చెబుతూ తిరిగారు. కాలవ గట్టున మన్ను మోసేవాళ్లకు ఆ మాట కొత్త కాదు.

క్లౌ చేసిన ఇంకో పని నన్ను పట్టి నిలబెడుతుంది. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఎవరూ కూలి కోసం క్రైస్తవులు కాకూడదని. మనిషి ఆకలిని ప్రార్థనకు జవాబుగా లెక్క కట్టలేదు. పని ముగిశాకే తలుపు తెరిచాడు, అప్పుడూ జనం ఆగలేదు.

ఆ కరువును దేవుడే జవాబుగా పంపాడని నేను అనను. అదే కరువులో గంజి కోసం వేడుకుని, దొరక్క పోయినవాళ్లున్నారు. వాళ్ల ప్రార్థన ఏమైంది? ఈ ప్రశ్నను దాటవేసి ఆ 2,222 గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఫిబ్రవరి 12, గుంటూరు

కుగ్లర్ ఆసుపత్రి ముందునుంచి వచ్చాను. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది, ఆసుపత్రి తెరిచింది 1898లో. పురుడు కష్టమైన ఆడవాళ్ల ఇంట్లో చేసిన ప్రార్థనకు ఓ వైద్యురాలి చేతులే జవాబయితే, దాన్ని అద్భుతం కాదని ఎందుకనాలి?

మార్చి 9

కల్లంలో మిర్చి ఆరబోసినవాళ్లు వాన రాకూడదని ప్రార్థించారు. అవతల పొలంలో ఇంకా పైరు ఉన్న రైతు వాన కావాలన్నాడు. రాత్రి జల్లు పడింది. పట్టాలు కప్పడానికి ఇద్దరి ఇళ్లవాళ్లూ పరిగెత్తారు.

మార్చి 15

పక్కవీధి అక్కయ్య కొడుకు పోయాడు. నెలల తరబడి ప్రార్థించాం. కూడికలో ఎవరో ఆమెతో, నీ విశ్వాసం చాలలేదమ్మా అన్నారు. అంత క్రూరమైన మాట అనకూడదు. పౌలు తన ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, తీయలేదు. గెత్సేమనేలో యేసు తొలగించమని అడిగిన గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదంటామా?

మార్చి 18

అక్కయ్య కూడికకు రానంది. మేమే వస్తామన్నాం. పాటలు, సాక్ష్యాలు లేకపోతే సరే అంది. ఆఖరి దాకా వెలుగు రాని 88వ కీర్తన చదువుదామా అని అడిగితే, ఒప్పుకుంది. శనివారం సాయంత్రం వెళ్తున్నాం. భోజనం మేమే పట్టుకెళ్తాం.