చీమకు పేరు పెట్టడం

కోనసీమ మామిడితోటల్లో కొమ్మ విరిస్తే ఒంటిమీదికి పాకే ఎర్రచీమలు తమ లార్వాల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులను కుట్టి గూడు కడతాయి. 1775లో కీటకశాస్త్రవేత్త ఫాబ్రీషియస్ వీటికిచ్చిన ‘స్మరాగ్డినా’ అన్న పేరుకు మరకతం రంగుదని అర్థం. ఎర్రచీమకు పచ్చరాయి పేరేమిటనిపిస్తుంది గానీ, ఈ జాతిలో రాణి ఒళ్లు ఆకుపచ్చగానే ఉంటుంది.

చీమ కొత్తదని తేల్చడానికి రంగు చాలదు. తల వెడల్పు, మీసాల కణుపులు, నడుము ముడులు, నూగు అన్నీ సూక్ష్మదర్శిని కింద పాత నమూనాలతో పోల్చాలి. వర్ణన ప్రచురితమయ్యాకే పేరు చెల్లుతుంది. ఆ వర్ణనకు ఆధారమైన మూల నమూనాను మ్యూజియంలో భద్రపరుస్తారు. ఒకే జాతికి రెండు పేర్లు పడితే సాధారణంగా ముందుదే నిలుస్తుంది.

అసలు చిక్కు ఒకే పుట్టలోనే ఉంది: ఒకే జాతి చీమలు వేర్వేరు రూపాల్లో ఉండొచ్చు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ 1851లో దక్షిణ భారత చీమల జాబితా ప్రచురించాడు. అందులో ఆయన వర్ణించిన ఒక చీమ నేటి పేరు ‘కారెబారా డైవర్సా’. దాని కూలిచీమ నలుసంత, సైనికచీమ తల బండంత. విడివిడిగా దొరికితే రెండు జాతులనుకోవడం ఖాయం.