గ్యాస్ బండకి చెమట

మా ఇంట్లో గ్యాస్ బండ నలభై రోజులొస్తుంది. చుట్టాలొస్తే ముప్పై. ఇంత లెక్క తెలిసీ 2021 నవంబర్లో నేను చేసిన తెలివితక్కువ పని ఇవాళ చెప్తాను.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఊరు. ఒక పక్క సముద్రం, చుట్టూ రొయ్యల గుంటలు. అప్పుడు మా అమ్మాయి పురిటికొచ్చి ఉంది, మనవడికి పద్దెనిమిదో రోజు. వేణ్ణీళ్లు, పథ్యం వంట, మళ్లీ వేణ్ణీళ్లు. పొయ్యి ఆరేది కాదు. రెండో బండ ఖాళీ అయి మూలనుంది. ఆ హడావుడిలో బుక్ చేయడం ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాను. పైగా వారం నుంచి ముసురు.

గురువారం సాయంత్రం అత్తమ్మ వంటింట్లోకొచ్చి, వంగి బండ వైపు చూసి, "మేయ్, అడుక్కొచ్చింది. ఇంకోటి చెప్పు" అంది. నేను స్టవ్ వెలిగించి చూపించా. మంట నీలంగా, ఎప్పట్లాగే ఉంది. "ఇంత మంట వస్తుంటే యాడ అయిపోద్ది అత్తమ్మా?" అన్నా. "మంటను చూసి మోసపోబాక" అని వెళ్లిపోయింది.

అయినా అనుమానం తీరక తడిగుడ్డతో బండను తుడిచా. మీకూ తెలిసే ఉంటుంది ఈ పద్ధతి. ఖాళీగా ఉన్న పైభాగం తొందరగా ఆరుతుంది, లోపల ద్రవం ఉన్న మేర తడి కాసేపు నిలుస్తుంది. కానీ ఆ ముసురులో దండెం మీద బట్టలే ఆరడంలేదు, బండేం ఆరుతుంది? మొత్తం తడిగానే ఉంటే మొత్తం నిండుగా ఉందనుకున్నా!

శనివారం పొద్దున, నవంబర్ 20, నీళ్లు సగం కాగాక మంట చిన్నదై ఆరిపోయింది. కరెంటు లేదు. పెన్నకు వరద. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. గ్యాస్ ఇచ్చేవాళ్లనీ అనడానికి లేదు, లారీ ఎట్ట వస్తుంది? ఉన్న నాలుగు కట్టెలూ తడిసి పొగే తప్ప మంట లేదు. పసిబిడ్డ ఏడుస్తున్నాడు. అమ్మాయి నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఎదురింటి వదిన సంగతి విని, మోకాటి లోతు నీళ్లలో కొడుకుతో సైకిల్ మీద తన బండను తోయించుకుని వచ్చింది. వాళ్లకున్నది ఆ ఒక్కటే. "మేమూ ఈడే వండుకుంటాం లే" అంది. మూడు రోజులు రెండిళ్ల వంట మా వంటింట్లోనే. ఆమె చేపల పులుసు బాలింతకు పెట్టకూడదని అత్తమ్మ, పెట్టొచ్చని వదిన. ఆ మూడు రోజులూ అదే గొడవ.

అప్పుడడిగా, "నీకెట్ట తెలిసింది అత్తమ్మా?" అని. నవ్వి, అన్నం, పులుసు వరసగా దించాక వదిన బండను చూపించింది. సగం దాకా చెమట పట్టి ఉంది. పైన పొడి. లోపలి ద్రవం గ్యాస్‌గా మారుతూ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి ద్రవం ఉన్నంత మేర ఇనుము చల్లబడుతుంది. మన సముద్రపు గాలిలో తేమకేం తక్కువ? ఆ చల్లదనానికి అక్కడ నీరు పడుతుంది. గురువారం మా బండ మీద ఆ గీత కింది చట్రానికి రెండు వేళ్ల పైన ఉందట. ఎక్కువసేపు వంట చేశాకే కనిపిస్తుంది సుమా.

మరి మంటకెందుకు తెలియదు? లోపల ద్రవం ఉన్నంత వరకూ ఒత్తిడి పెద్దగా తగ్గదు. తగ్గేది ద్రవం. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు ఇంట్లో బీరు కాచుకుంటాడు (మా అమ్మకు చెప్పకండి). దాంట్లోకి పట్టే గ్యాస్ సిలిండర్‌కి మీటరుంది కదా అంటే, "అత్తా, అది ద్రవం అయిపోయేదాకా ఒకేచోట ఉంటుంది, తర్వాత ధబ్‌మని పడిపోతుంది" అన్నాడు. వాడూ తూకమే వేస్తాడట.

మా ఆయన రొయ్యల మేత తూచే కాటా ఒకటి ఇంటికి తెచ్చారు. బండ మెడ దగ్గర పట్టీల మీద ఖాళీ బండ బరువు కొట్టి ఉంటుంది. ఇప్పుడున్నదాని మీద 15.6. దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే నిండు బరువు. అక్కడే ఎ, బి, సి, డిల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. అది బండకు మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు, బరువు కాదు. నేను మొదటిసారి అదే కలిపి లెక్కేశా. ఇక అయిపోవచ్చిన బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం మాత్రం వద్దు. పడుకోబెడితే ద్రవమే పైపులోకొస్తుంది.

అత్తమ్మకిప్పుడు చూపు ఆనడంలేదు, గీత కనపడదు. వంటయ్యాక వచ్చి బండ మీద అరచెయ్యి పెట్టి, పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయి, చల్లగా తగిలిన చోట ఆగుతుంది. తర్వాత "నీ కాటా ఏమంటాంది?" అని అడుగుతుంది. నిన్న 16.9 ఉంది. కిలోమూడొందలు, మూడు రోజుల మాట. రెండోది నిండుదే ఉంది, అయినా బుక్ చేసేశా. వదినది కూడా తూచి ఇచ్చా.