ఏ ఉప్పెన అని అడగకూడదు

దివిసీమలో పెద్దవాళ్లను వయసెంతని అడిగితే పుట్టిన సంవత్సరం చెప్పడం తక్కువే. ఉప్పెననాటికి చంకలో బిడ్డననో, అప్పటికే పెళ్లయిందనో చెబుతారు. ఏ ఉప్పెన అని మాత్రం అడగకూడదు. అక్కడ ఉప్పెనంటే ఒక్కటే... 1977 నవంబరు 19, శనివారం నాటిది.

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య సముద్రం దాకా పరచుకున్న నేల ఇది. అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తుంటే వరిచేలు, చెరువులు, అక్కడక్కడా తాళ్లు. నేలంతా అరచేయిలా చదును. ఎక్కి నిలబడదామంటే చిన్న దిబ్బయినా కనిపించదు. ఆ రోజు ఏం జరిగి ఉంటుందో ఈ చదును చూస్తేనే సగం అర్థమవుతుంది.

గాలీ వానా తీరంలో కొత్త కాదు. తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఆ తలుపుల దాకా సముద్రమే వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్టంత అల అంటారు. శాస్త్రవేత్తల లెక్క ఐదారు మీటర్లే. పూరిల్లు చూరు ఎత్తెంతని?

చాలామందిని కాపాడింది తుమ్మచెట్లు. ముళ్లు ఒంట్లో దిగుతున్నా కొమ్మ వదల్లేదు. కొందరు చీరలతో చెట్లకు కట్టుకున్నారు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడిలోకి చేరినవాళ్లు బతికారు. ఇవన్నీ అడక్కుండానే చెబుతారు. చేయి జారిపోయిన బిడ్డ సంగతి దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోతుంది. అడగడానికి మనకూ నోరు రాదు.

ప్రభుత్వం లెక్కల్లోనే మృతులు దాదాపు 10 వేలు. ఆ లెక్కను ఇక్కడ ఒప్పుకునేవాళ్లు అరుదు. ఎవరెవరో గుర్తుపట్టే వీల్లేక సామూహికంగానే దహనం చేశారు. చెరువులన్నీ ఉప్పుబారాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు.

1990 మేలో మళ్లీ కృష్ణా తీరాన్నే పెనుతుపాను తాకింది. ఈసారి ముందే లక్షన్నర మందికి పైగా తరలించారు. మృతులు వెయ్యి లోపు. వెయ్యి లోపన్న మాట కూడా ఊరటగా వినిపించేది బహుశా ఇలాంటి తీరంలోనే.

ఇప్పుడు సాగరసంగమం చూడ్డానికి జనం కార్లలో వస్తుంటారు. పిల్లలు అలల్లో ఆడుతుంటారు. మీరూ వెళ్లండి, చూడాల్సిన చోటే. తిరిగొచ్చేటప్పుడు వేణుగోపాలస్వామి గుడి దగ్గర కాసేపు ఆగి, ఆ గోడలు ఎంత ఎత్తున్నాయో ఓసారి చూడండి.